గెట్టు మీద రేగుకంప

రెండు వేల ఇరవై ఐదవ సంవత్సరం, నవంబరు తొమ్మిదవ తేదీ, ఆదివారం ఉదయం. స్థలం: హసన్‌పర్తి చెరువు దాటిన తరువాత, దొంతిగుట్ట పాదం వద్ద, రైతు కొమురెల్లి బోరు మోటారు పక్కనున్న వేపచెట్టు నీడ. హాజరైనవారు: కొమురెల్లి, ఆయన భార్య సమ్మమ్మ, ఆయన తమ్ముడు రాజమౌళి, గుట్ట ఎక్కేవారి తరఫున వినోద, హరికృష్ణ, కాగితం రాయడానికి నేను.

తెల్లకాగితం మీద ఇంతవరకు రాసి పైకి చదివానో లేదో, కొమురెల్లి చెయ్యి అడ్డం పెట్టాడు.

“సారూ, తమ్ముడు అని రాసినవా?”

“రాశాను.”

“కొట్టెయ్. పక్క చేను రైతు అని రాయి.”

వేపచెట్టుకు అవతల, మా వైపు వీపు పెట్టి యూరియా సంచి మీద కూర్చున్న రాజమౌళి తల తిప్పకుండానే అన్నాడు: “మంచిగనే చెప్పిండు. నాకు గూడ గట్లనే రాయుమను. అన్న గిన్న అని ఉంటే నేను సంతకం పెట్ట.”

నేను ఆ మాట కొట్టివేసి, పైన సన్నని అక్షరాలతో ‘పక్క చేను రైతు’ అని రాశాను. సమ్మమ్మ ఎవరితోనూ కాకుండా, ఎదురుగా ఉన్న గుట్టతో చెప్పుకుంటున్నట్టుగా, “పెండ్లిలల్ల ఒక్క ధోతినే మార్చుకుంట కట్టుకున్న రైతులు” అంది.

ఈ కాగితం అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి.

దొంతిగుట్ట పెద్దదేమీ కాదు. కుండల దొంతిలా ఒకదాని మీద ఒకటి నిలిచిన బండలు, వాటి నడుమ పిడికిలి పట్టేంత పగుళ్లు, వేళ్లు మాత్రమే దూరేంత పగుళ్లు. హనుమకొండలో ఒక మహిళా జూనియర్ కళాశాలలో వ్యాయామ అధ్యాపకురాలైన వినోద ఆరేడేళ్ల క్రితం ఈ బండలను చూసి, తాళ్లతో ఎక్కడం నేర్చుకుని, తరువాత తన విద్యార్థినులకు నేర్పింది. ఆపైన మరికొందరు చేరారు. ఊరివాళ్లు వీళ్లందరికీ ‘రాళ్లెక్కేటోళ్లు’ అని ఒక్క పేరు పెట్టి ఊరుకున్నారు.

బండ ఎక్కడం ఈ పనిలో సగమే. మిగిలిన సగం దారిని కాపాడడం. వాన పడినప్పుడల్లా నీళ్లు కాలిదారినే కాలువ చేసుకుంటాయి. మట్టి కొట్టుకుపోయి వేర్లు తేలుతాయి. తరువాత వచ్చినవాడు వేర్లు తప్పించుకుంటూ పక్కన నడుస్తాడు, అక్కడొక కొత్త దారి, మరుసటి వానకు కొత్త కాలువ. అందుకని వానాకాలం ముగిసిన తరువాత ఒక ఆదివారం అందరూ గడ్డపారలు, కొడవళ్లు పట్టుకుని వస్తారు. వాలుకు అడ్డంగా రాళ్లు పాతి నీటిని పక్కకు మళ్లిస్తారు, పెరిగిన పొదలు కొడతారు, మలుపు తిరగడానికి బద్ధకించిన కాళ్లు వేసిన అడ్డదారులను మూసేస్తారు. నేను బండ ఎక్కేవాణ్ని కాను. మట్టెవాడ నుంచి ఆ ఒక్క పనికోసమే వచ్చి రాళ్లు మోస్తాను.

అయితే గుట్ట పాదం చేరాలంటే ఒక్కటే మార్గం. వెనుక వైపు క్వారీ వాళ్లు నిట్టనిలువుగా కోసేశారు. ముందు వైపు, కొమురెల్లి పొలానికీ రాజమౌళి పత్తి చేనుకూ నడుమనున్న గెట్టు మీదుగా నడవాలి. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నని ఆ గట్టులో సగం అన్నది, సగం తమ్ముడిది. వాళ్ల తండ్రి బతికున్న రోజుల్లో మొదటిసారి వచ్చిన వినోదను చూసి, “పోండ్రి బిడ్డా, జర పాములుంటయ్ సూసుకోండ్రి” అన్నాడు. ఆ మాట తప్ప ఆ దారికి వేరే ఆధారమేదీ లేదు. గెట్టు మూతపడితే దొంతిగుట్ట రోడ్డు మీద నిలబడి చూసుకునే వస్తువు మాత్రమే అవుతుంది.

తండ్రి పోయాక భూమి పంచుకున్నారు. కొలిచేనాడు గొలుసు కొస ఎవరు పట్టుకోవాలన్న దగ్గర మాట పట్టింపు వచ్చి, అన్నదమ్ములకు రెండేళ్లుగా మాటల్లేవు. బోరు కొమురెల్లి వాటాకు వచ్చింది, కానీ ఆ బోరు దగ్గరికి వెళ్లే దారి రాజమౌళి చేను చివరి అంచు మీదుగా పోతుంది. మాటలు లేకపోయినా రాజమౌళి ఆ అంచును ఏనాడూ దున్నలేదు. అందులో ఒక్క పత్తి గింజ పెట్టలేదు. అన్న కాళ్లు నడవడానికి ఎంత వెడల్పు కావాలో అంత వదిలి సాళ్లు తోలుకున్నాడు.

నవంబరు రెండవ తేదీ ఆదివారం మా పనిరోజు. హరికృష్ణ ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నవాడు, ఈ ఏడాదే చేరాడు, ఒకరు చెప్పిన పనికి రెండు చేసే ఉత్సాహం. అడ్డదారులు మూసే పని వినోద అతనికి అప్పగించింది. గుట్ట దిగి వస్తూ అతను, గెట్టు నుంచి విడివడి పోతున్న ఒక నున్నని కాలిదారిని చూశాడు. మన వాళ్ల కాళ్లే ఇంత అరగదీశాయనుకున్నాడు. రేగుకంప నరికి తెచ్చి దారికి అడ్డంగా వేసి, కదలకుండా పైన రాళ్లు పెట్టి, పక్కన నిలబడి ఫోటో దిగి మాకు పంపాడు. బాగా మూశావని మేమందరమూ మెచ్చుకున్నాం. అది కొమురెల్లి మోటారు దారి.

ఈ ప్రాంతంలో కంప అడ్డంకి కాదు, మాట. దారిలో రాయి ఉంటే పక్కకు తొలగించి పోతారు. కంప వేస్తే మాత్రం, నేటి నుంచి నీ కాలికీ నా నేలకూ సంబంధం లేదని చెప్పినట్టు. ఎవరిని ఆపడానికి వేశారో వాళ్లు దాన్ని చేత్తో ముట్టరు. ముడితే జవాబు ఇచ్చినట్టు, జవాబు ఇస్తే కొట్లాటకు దిగినట్టు. వేసినవాడే తీయాలి. పట్నం నుంచి వచ్చిన మాలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు.

సోమవారం పొద్దున కొమురెల్లి యాసంగి నారుమడికి నీళ్లు పెట్టడానికి వెళ్లి కంప చూశాడు. ఇంటికి వచ్చి, రుమాలు తలకు చుట్టుకుని, రెండేళ్లుగా తొక్కని తమ్ముడి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. “మోటరు తోవకు కంప ఏసింది నువ్వేనా?” అని అరిచాడు. రాజమౌళి బయటకు వచ్చి, వాడకట్టంతా వినేటట్టు, “నేనే ఏసిన. ఏం జేస్తవో జేస్కో” అన్నాడు. ఆ సాయంత్రానికి గెట్టు మొదట్లో అన్న ఒక కర్ర అడ్డం కట్టాడు, తమ్ముడు ఇంకొక కర్ర కట్టాడు.

ఇదంతా బుధవారం నాడు సమ్మమ్మ ఫోనులో వినోదకు చెప్పింది. “రాళ్లెక్కే చెల్లె, ఈ ఐతారం రాకుండ్రి. అన్నదమ్ములు కొట్లాడుకున్నరు. మోటరు తోవకు కంప పడ్డది. ఈయన గెట్టు కొస దాక పోయి, గుట్ట అంచు ఎంబడి తిరిగి పోతాండు మోటరు కాడికి.” ఫోను పెట్టేసి వినోద, హరికృష్ణ పంపిన ఫోటో తీసి చూసింది. కంప వెనుక మోటారు స్టార్టరు డబ్బా స్పష్టంగా కనబడుతోంది.

ఆమె కొమురెల్లికి ఫోను చేసింది. ఆమె నోరు తెరవకముందే ఆయన, “మీ మీద నాకేం లేదు చెల్లె. ఐతారం రండ్రి, కాయితం రాసుకుందాం. నా సగం గెట్టు మీకిస్త” అన్నాడు. మరుసటి రోజు రాజమౌళి తనంతట తానే ఫోను చేసి తన సగం తాను ఇస్తానన్నాడు. ఇన్నేళ్లూ నోటిమాటగా ఉన్న దారికి రాతపూర్వకమైన హక్కు, అడగకుండానే, వచ్చి నిలిచింది. మేము నోరు మూసుకుని సంతకాలు పెట్టించుకుంటే చాలు.

హసన్‌పర్తిలో ఆటో దిగి నడుస్తున్నప్పుడు హరికృష్ణ ఆ మాటే అన్నాడు.

“మేడమ్, ముందు సంతకాలు కానియ్యండి. చెప్పేది తర్వాత చెప్దాం.”

“తర్వాత అంటే ఎప్పుడు? ఇంకు ఆరినంకనా?”

“చెప్తే దారి పోతది మేడమ్. ఇద్దరికీ మన మీద కోపమొస్తది.”

“పోతే పోతది” అంది కానీ వినోద గొంతులో ధైర్యం లేదు. కొంత దూరం నడిచాక మళ్లీ అంది: “రోడ్డు మీదికెళ్లి గుట్ట కనబడ్డప్పుడల్లా పిల్లలు నన్ను అడుగుతరు, మల్ల ఎప్పుడు పోతమని. గుట్ట పోయిందని చెప్పగలుగుత. ఆ అన్నదమ్ములు మన వల్ల ఇట్లున్నరని లోపల పెట్టుకుని, వాళ్ల గెట్టు మీద ఎట్ల నడుస్తంరా?”

గెట్టు మొదట్లోని రెండు కర్రలను మేము వంగి దాటి, కంప ఉన్న దారి వదిలి, గెట్టు కొస నుంచి గుట్ట అంచు వెంట మోటారు దగ్గరికి చేరాం.

అలా ఆ వేపచెట్టు కింద, అన్నదమ్ములు ‘పక్క చేను రైతులు’గా మారిన కాగితం నా తొడ మీద ఉండగా, కొమురెల్లి షరతులు చెప్పడం మొదలుపెట్టాడు. “నా సగం గెట్టు మీద వీళ్లు నడవచ్చు. పక్క చేను రైతు మాత్రం నా దిక్కు కాలు పెట్టద్దు.”

“నా సగం మీద గూడ నడవచ్చు” అన్నాడు చెట్టు అవతలి నుంచి రాజమౌళి. “ఆ దిక్కోడు మాత్రం రావద్దు.”

“అంటే మేము కుడికాలు ఆ కాక దిక్కు, ఎడమకాలు ఈ కాక దిక్కు పెట్టుకుంట నడవాల్నా?” అన్నాడు హరికృష్ణ, ఆపుకోలేక.

“ఎట్లన్న నడువ్. బండ మీద తొండ లెక్క పాకెటోనివి, గెట్టు మీద నడువరాదా?” అంది సమ్మమ్మ.

అందరికంటే ముందు నవ్విందీ, అందరికంటే ముందు నవ్వు ఆపిందీ వినోదే. ఆమె హరికృష్ణ వైపు చూసింది. అతను లేచి నిలబడ్డాడు.

“కాకా, ఆ కంప మీ తమ్ముడు ఏయలేదు. నేనేసిన.”

కొమురెల్లి అతన్ని కిందినుంచి మీదికి చూశాడు. “నువ్వెందుకేస్తవ్ బిడ్డా? నీకు చేనున్నదా, గెట్టున్నదా?”

“మా వాళ్లు నడిచి నడిచి పడ్డ తోవ అనుకున్న కాకా. వాననీళ్లు దాని ఎంబడి పడి మట్టి కొట్టుకపోతదని మూసిన. మీ మోటరు తోవ అని తెల్వదు.”

“సదువుకున్నోడు, మంచిగనే అల్లిండు. సారూ, గిది రాయకు.”

రాజమౌళి ఇప్పుడు మొదటిసారి మా వైపు తిరిగాడు. “కంప ఏసింది నేను. వాడంత ఇనంగ ఒప్పుకున్న. నా కంపను తనదంటడేంది ఈ పోరడు?”

హరికృష్ణ ఫోను తీసి ఫోటో చూపించాడు. రాజమౌళి దాన్ని చాచిన చేతితో దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇది వేరే కంప.”

“ఎన్కకు చూడు కాకా. ఈ మోటరు డబ్బనే కనబడ్తాంది.”

“అయితే ఇది వేరే డబ్బ.”

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొమురెల్లి ఫోను అందుకుని, ఒక్కసారి చూసి తిరిగి ఇచ్చేశాడు. “ఇప్పుడు ఫోన్ల ఏది పడ్తె అది పుట్టిస్తాన్రు. మొన్న మా బామ్మర్ది పులి మీద కూసున్నట్టు పంపిండు. వాడు కుక్కను సూస్తె ఉరుకుతడు.”

వినోద లేచింది. “అన్నా, ఇది కథ కాదు. తప్పు మాదే. అడ్డదారులన్నీ మూయమని వాన్ని పంపింది నేను, ఏది అడ్డదారో ఏది మీ దారో మిమ్మల్ని అడుగాలె, అడుగలేదు. మీరు మాకు గెట్టు ఇయ్యకున్నా సరే. ఆ కంప మేమే తీసేసి పోతం.” అది అన్న తరువాత ఆమె గుట్ట వైపు చూడలేదు.

హరికృష్ణ అప్పటికే కంప దగ్గరికి నడుస్తున్నాడు. మేమందరం వెనుక వెళ్లాం. వారం రోజుల ఎండకు రేగాకులు రాలిపోయి ముళ్లు తెల్లగా తేలాయి. ఎవరూ దాన్ని జానెడైనా కదపలేదు. హరికృష్ణ వంగి చెయ్యి చాచాడు.

“ముట్టకు!”

ఆ మాట రెండు గొంతుల నుంచి ఒక్కసారే వచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఉలిక్కిపడి, ఒకరివైపు ఒకరు చూడబోయి, చెరొక దిక్కు చూశారు.

సమ్మమ్మ ముందుకు వచ్చింది. “ఇగ సాలు తియ్యండ్రి మీ ఆట. ఎండ నెత్తికెక్కింది. సారూ, ఇటు రా. ఈ కొమ్మల మొదళ్లు ఎటున్నయో సూసి చెప్పు.”

చూశాను. నరికిన మొదళ్లన్నీ మోటారు వైపు ఉన్నాయి. ముళ్లున్న కొసలు పత్తి చేను వైపు ఉన్నాయి.

“కంప ఏసేటోడు దేన్ని పట్టుకుంటడు? ముండ్లనా, మొదలునా?”

“మొదలును” అంది వినోద. “అంటే మొదళ్లు ఏసినవాళ్ల దిక్కుండాలె.”

“గంతే. ముండ్లు ఆగాల్సినోని దిక్కు, మొదళ్లు ఆపెటోని దిక్కు. ఈ లెక్కన మా ఆయన తన మోటరు కాడ నిలబడి, మా మర్దిని మర్ది సొంత చేను అంచు మీదికే రాకుంట ఆపుతాండు. ఈ ఊళ్లె పుట్టినోడు ఎవడన్న గిట్లేస్తడా?” ఆమె భర్త వైపు తిరిగింది. “సోమారం పొద్దుగాల ఇంటికొచ్చి ఏమన్నవో చెప్పాల్నా?”

“నువ్వూకో.”

“‘ఎవడో తెల్వనోడు ఏసిండే, మనోడు గాదు’ అన్నడు. అని, చాయ్ గూడ తాగకుంట రుమాలు సుట్టుకొని సీదా మర్దింటికి ఉరికిండు.”

కొమురెల్లి రుమాలు విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

“తెలిసి గూడ ఎందుకు పోయినవ్ అన్నా?” అని వినోద నెమ్మదిగా అడిగింది.

“పోవాల్నంటే ఏదో ఒకటుండాలె గద చెల్లె” అన్నాడు ఆయన, కంపనే చూస్తూ. “ఊకెనే ఎట్ల పోత? ఏమని పోత? కంప దొరికింది, పోయిన.”

సమ్మమ్మ మరిదిని వదలలేదు. “మరి నువ్వు? ఏయని కంపను ఏసిన అని ఎందుకంటివి? లేదు అనరాదా?”

రాజమౌళి పత్తికాయ ఒకటి తుంపి, అందులోని దూదిని పురి తిప్పుతూ నిలబడ్డాడు. “పొద్దుగాల చాయ్ తాగుతున్న వదినె. వాకిట్ల అన్న గొంతు ఇనబడ్డది.” పురిని ఇంకొంచెం బిగించాడు. “లేదు అంటే, సరే తియ్ అని ఆడికెల్లే మర్లిపోతుండె. మల్ల ఎన్నడొస్తడు? ఏసిన అన్న. సానసేపు నిలబడి తిట్టిండు.”

“మంచిగ తిట్టిన” అన్నాడు కొమురెల్లి.

“తిట్టినవ్. మధ్యల నాయినను గూడ తిట్టినవ్.”

“నాయిననెందుకు తిట్టిన?”

“నాయిన కొడుకువన్న పేరు నీకెందుకురా, ఆయనే నిన్ను చెడగొట్టిండు అన్నవ్. నా చాయ్ సల్లారి పాయె.”

“చాయ్ సల్లారితె మల్ల కాచుకోవాలె. నాకు గుక్కెడు పోసినవా?”

“తిట్టెటోనికి చాయ్ ఎవడు పోస్తడు?”

రెండేళ్ల తరువాత వాళ్లు నేరుగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారని మాకంటే ఆలస్యంగా వాళ్లకు తెలిసింది. తెలియగానే ఇద్దరూ ఆగిపోయారు. హరికృష్ణ, బడిలో ప్రశ్న అడిగే పిల్లవాడిలా, “ఇప్పుడు కంప తియ్యాల్నా, వద్దా?” అన్నాడు.

రాజమౌళి దూది కింద పడేశాడు. “ఏసినోడే తియ్యాలె” అన్నాడు. తరువాత హరికృష్ణ వైపు గడ్డం ఎత్తి, “తియ్. నువ్వే గద ఏసింది” అన్నాడు.

ఆ ఒక్క మాటతో అతను వాడంతా వినగా అన్న మాటను మా ముందు వెనక్కి తీసుకున్నాడు. హరికృష్ణ ముళ్లున్న వైపు నుంచే పట్టి లాగబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“మొదలు దిక్కు పో రా, మొదలు దిక్కు!” అన్నాడు అన్న.

“ముందు రాళ్లు తియ్యమను, గట్లనే గుంజితె కొమ్మ ఇరుగుతది” అన్నాడు తమ్ముడు.

“రాళ్లతోనే గుంజాలె, లేకుంటె మీదికి లేస్తది.”

“నాయిన ఎన్నడన్న రాళ్లతోని గుంజిండా?”

వాదన తేలకముందే ఇద్దరూ చెరొక పంగలకర్ర అందుకున్నారు. హరికృష్ణ మొదళ్లు పట్టుకున్నాడు, వాళ్లు చెరొక వైపు ఎత్తారు. కంప లేచి, దొర్లి, గుట్ట వాలులో పడింది. దాని కింద దారి, వారం రోజుల నీడకు పచ్చిగా, కొమురెల్లి అడుగులంత వెడల్పుగా కనబడింది.

తిరిగి వేపచెట్టు కిందికి వచ్చాక నేను కొత్త కాగితం తీశాను. ఇప్పుడు షరతులు చెప్పడం సులువైంది, ఒప్పుకోవడమే ఆలస్యమైంది, ఎందుకంటే ప్రతి షరతునూ ఇద్దరూ తమదేనన్నారు. గుట్ట ఎక్కేవారు గెట్టు అంతటి మీదా నడవవచ్చు. నాట్లప్పుడూ పత్తి ఏరేటప్పుడూ ముందుగా చెప్పి రావాలి. వానాకాలం తరువాత గెట్టు ఎక్కడ తెగినా వాళ్లే మట్టి వేసి సరిచేయాలి. నీరు మళ్లించే రాళ్లు, నీళ్లు చేనులోకి రాకుండా పాతాలి. ఏ దారినైనా మూయాలనుకుంటే ముందు ఇద్దరినీ అడగాలి. కంప మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయరాదు.

“కంప ఏసుడు వచ్చినంక ఏయచ్చు” అన్నాడు రాజమౌళి.

“వద్దు కాకా. నాకు ఈ జన్మకు వద్దు” అన్నాడు హరికృష్ణ, అరచేతిలోని ముల్లు చూసుకుంటూ.

అసలు కంప సంగతి ఎలా రాయాలన్న దగ్గర మళ్లీ ఆగాం. “ఎవలేసిన్రో రాయకు సారూ” అన్నాడు కొమురెల్లి. రాజమౌళి వెంటనే, “రాయకు. ఊళ్లె నేనే ఏసిన అనుకోని” అన్నాడు. నేను కొంచెం ఆలోచించి, ‘మోటారు దారిలో ఉన్న కంప ఈ దినము అందరి సమక్షమున తీసివేయబడినది’ అని రాసి చదివాను.

“గిది మంచిగున్నది” అన్నాడు కొమురెల్లి. “ఎవలు తీసిన్రో గూడ లేదు.”

మొదటి పంక్తి రాయకుండా వదిలిపెట్టాను. దానికి వచ్చేసరికి తల ఎత్తి అడిగాను: “పక్క చేను రైతు అనే ఉంచమంటారా?”

కొమురెల్లి ఆకాశం చూశాడు. “ఏదో ఒకటి రాయి సారూ. ఎండ ఎక్కుతాంది.”

నేను మొట్టమొదట ఏది రాశానో అదే రాశాను. చదివి వినిపించినప్పుడు ఆ పంక్తి దగ్గర ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

సంతకాలకు గట్టి చదును కావలసి వచ్చింది. కాగితాన్ని స్టార్టరు డబ్బా మీద పరిచాం. కొమురెల్లి అక్షరం అక్షరం విడదీసి, తన పేరు డబ్బా అంచు దాకా రాశాడు. కలం తమ్ముడి చేతికి తనే ఇచ్చాడు. రాజమౌళి అన్న పేరు కింద చోటు చూసుకుని సంతకం చేశాడు. వినోద చేసింది. సాక్షిగా హరికృష్ణ చేశాడు.

“నన్నెవలు అడుగుతలేరు” అంది సమ్మమ్మ.

“నీకెందుకే సంతకం?” అన్నాడు కొమురెల్లి.

“మొదళ్లు ఎటున్నయో చెప్పింది నేను గద” అని, కలం లాక్కుని, రెండో సాక్షి అని నేను రాసిన చోట తన పేరు పెట్టింది. పేరు చివర ఒక చుక్క పెట్టి, ఆ చుక్కను మరోసారి గట్టిగా ఒత్తింది.

కాగితం ఎవరి దగ్గర ఉండాలన్నది చివరి పేచీ. మీ దగ్గరే ఉండనివ్వండి అంది వినోద. అన్న తమ్ముడి దగ్గర ఉండనీ అన్నాడు, తమ్ముడు అన్న దగ్గర ఉండనీ అన్నాడు, ఎవరూ తీసుకోలేదు. సమ్మమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకుంది. “ఎవ్వలింట్ల వద్దు. ఈడనే డబ్బల పెడుదాం. సూడాల్నంటె ఇద్దరు ఈ తోవనే రావాలె.”

రాజమౌళి చేను అంచుకు వెళ్లి, గెట్టు మీద పడి ఉన్న ఖాళీ పత్తి గింజల సంచి తెచ్చి, మట్టి దులిపి ఇచ్చాడు. వినోద వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. ముడి వేస్తున్న చేతులు గుట్ట వైపు చూసే తొందరలో రెండుసార్లు జారాయి. కొమురెల్లి స్టార్టరు డబ్బా తలుపు తెరిచాడు. సమ్మమ్మ కాగితాన్ని మడిచింది, మళ్లీ మడిచింది, సంచిలో పెట్టి మూతి చుట్టింది, స్విచ్చుకు తగలకుండా డబ్బా లోపలి మూలకు ఆనించి పెట్టి తలుపు వేసింది.